పోపు పాతది, కూర కొత్తది

అమెరికాలో స్థిరపడిన తెలుగువాళ్ళకు మొదట్లో వంటింటి ప్రశ్న ఒక్కటే ఉండేది: మన కూరగాయలు ఇక్కడ దొరుకుతాయా? 1965లో వలస చట్టం మారి డాక్టర్లూ ఇంజనీర్లూ రావడం మొదలైన రోజుల్లో చాలా ఊళ్ళలో దానికి జవాబు ‘దొరకవు’ అనే. షికాగో డెవాన్ వీధిలో పటేల్ బ్రదర్స్ మొదటి కొట్టు తెరిచింది 1974లో. తర్వాతి యాభై ఏళ్ళలో ఆ కొరత చాలావరకు తీరిపోయింది. ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ళ సంఖ్య 2010–2017 మధ్యలోనే 86 శాతం పెరిగి నాలుగు లక్షలు దాటింది. ఇవాళ డాలస్ పక్కన ఫ్రిస్కోలోనో న్యూజెర్సీలో ఎడిసన్‌లోనో దొండకాయ, గోరుచిక్కుడు, ములక్కాడ తాజాగా కాకపోతే ఫ్రోజెన్ రూపంలోనైనా ఎప్పుడూ దొరుకుతాయి. ఆ ప్రశ్న తీరిపోయింది కాబట్టే ఇంకొకటి అడగవలసి వస్తోంది. అదే ఊళ్ళో శనివారం ఫార్మర్స్ మార్కెట్లో వసంతం రాగానే కట్టలుగా పెట్టే ఎర్రని రూబార్బ్ కాడలతో, అక్టోబరులో గుట్టలుగా పోసే స్క్వాష్‌లతో, మంచు తగిలాక రుచి తేరే కేల్‌తో మన వంటకు పనేమైనా ఉందా? చూసి ముందుకు నడిచిపోవాలా, సంచీలో వేసుకోవాలా? వేసుకోవాలన్నదే నా వాదన. తెలుగు వంట అంటే ఫలానా ఇరవై కూరగాయలు కావు. చేతికి దొరికినదాన్ని అన్నంలోకి కలుపుకునేలా మార్చే కొన్ని పద్ధతులు. ఆ పద్ధతులకు ఈ నేల మీద పండేవి లొంగుతాయి. లొంగనివీ కొన్ని ఉన్నాయి, వాటి గురించీ చెప్పుకోవాలి.

ముందు చరిత్ర. ‘మన కూరగాయలు’ అని గీత గీసి చూపించేవాటిలో ఎన్ని ఈ అమెరికా ఖండాలవో లెక్క తీస్తే ఆ గీత నిలవదు. మిరప, టమాటా, బంగాళాదుంప, చిలగడదుంప, కర్రపెండలం, వేరుశనగ, జీడిమామిడి, జామ, బొప్పాయి, ఇవన్నీ కొలంబస్ తర్వాత సముద్రం దాటి వచ్చినవే. మిరపను పదహారో శతాబ్దంలో పోర్చుగీసువాళ్ళు పశ్చిమ తీరానికి తెచ్చారు. అంతకు ముందు మన వంటలో కారమంటే మిరియాలు, అల్లం, ఆవాలు. ఈ రోజు మనకు తెలిసిన ఎర్రటి ఆవకాయ అంతకన్నా పాతది కావడానికి వీల్లేదు. సంక్రాంతికి గొబ్బెమ్మ నెత్తిన పెట్టే గుమ్మడి పువ్వు సైతం అమెరికా మొక్కదే. బూడిదగుమ్మడి ఆసియాది, కానీ బెల్లం వేసి పులుసు పెట్టుకునే తీపి గుమ్మడిని వేల ఏళ్ళ కింద ఈ ఖండపు మూలవాసులు సాగులోకి తెచ్చారు. సూపర్ మార్కెట్లో బటర్‌నట్ స్క్వాష్ పేరుతో కూర్చున్న కాయకూ మన పెరటి గుమ్మడికీ వృక్షశాస్త్రంలో తరచు ఒకే జాతి పేరు. ఇటు నుంచి చూసినా అంతే. బెండకాయ, బొబ్బర్లు ఆఫ్రికన్ బానిసలతో పాటు వచ్చి అమెరికా దక్షిణ రాష్ట్రాల ఇంటి తిండి అయ్యాయి. గింజల్లోని జిగురు కోసం టెక్సాస్, ఓక్లహామా పొలాల్లో గోరుచిక్కుడు దశాబ్దాలుగా పండిస్తున్నారు. ఈ రాకపోకల్లో గమనించవలసిన సంగతి ఒకటుంది. వచ్చిన ప్రతి కూరగాయ మన ఇంట్లో అప్పటికే ఉన్న ఏదో ఒక వంటలో చోటు చేసుకుంది. మిరప మిరియాల పని అందుకుంది, టమాటా చింతపండు పక్కన చేరింది, బంగాళాదుంప వేపుడు మూకుట్లోకి దిగింది. తెలియని కూరగాయ తెలిసిన వంటలోకి వచ్చి నిలిచింది.

ఇది మన ఒక్కరి అనుభవం కాదు. అమెరికా ఆహార చరిత్రలో దీనికి ఎదురు సాక్ష్యం కూడా ఉంది. 1898లో వ్యవసాయ శాఖ విదేశీ విత్తనాలూ మొక్కలూ తెప్పించడానికి ఒక విభాగం పెట్టి, డేవిడ్ ఫెయిర్‌చైల్డ్ అనే వృక్షశాస్త్రజ్ఞుడికి అప్పగించింది. ఆ శాఖ చామదుంపను డాషీన్ అనే పేరుతో 1910లలో దక్షిణ రాష్ట్రాల్లో గట్టిగా ప్రచారం చేసింది. బంగాళాదుంప సరిగా పండని తడి నేలల్లో ఇది పండుతుందని, తినడానికి బాగుంటుందని చెప్పింది. పంట పండింది, ఇళ్ళలోకి మాత్రం పోలేదు. మనం బెంగళూరు వంకాయ అనే చయోటేను ఫెయిర్‌చైల్డ్ ఎంతో ఇష్టంగా పరిచయం చేసినా అదీ అప్పట్లో సామాన్య అమెరికన్ వంటింట్లో నిలవలేదు. దురద పుట్టించే, జిగురు కారే దుంపను ఉడికించి, పొట్టు తీసి, పులుపు తగిలించి లొంగదీసే పద్ధతి ఆ వంటగాళ్ళ చేతిలో లేకపోవడమే పెద్ద కారణమని నాకనిపిస్తుంది. అర్ధ శతాబ్దం తర్వాత లాస్ ఏంజెలెస్ టోకు మార్కెట్లో ఫ్రీడా కాప్లాన్ ఇదే పనిని ఇంకో దారిలో చేసి గెలిచింది. 1962లో సొంత వ్యాపారం పెట్టిన ఆవిడ కివీని, స్పగెటీ స్క్వాష్‌ను, హికమాను, ఇంకా ఎన్నిటినో అమెరికన్లకు అలవాటు చేసింది. ఆవిడ చేసిన తెలివైన పని, కాయ మీద అంటించే కాగితం మీదే దాన్ని ఎలా కొయ్యాలో ఎలా వండాలో రాయించడం. కాయతో పాటు పద్ధతినీ అమ్మిందన్నమాట. పరిశోధకులూ దీన్ని గమనించారు. ప్రతి జాతి వంటకూ తనదైన రుచుల కూడిక ఒకటుంటుందని, కొత్త పదార్థం ఆ కూడికలో కలిసి వస్తే పరాయిగా తోచదని ఎలిజబెత్ రోజిన్ 1973లో ఒక వంట పుస్తకమే రాసింది. టొరంటో విశ్వవిద్యాలయంలో పట్రీషియా ప్లైనర్, తన సహ పరిశోధకురాలితో కలిసి 2000లో ప్రచురించిన పరిశీలనలో, తెలియని తిండికి తెలిసిన రుచి జోడిస్తే పిల్లలు దాన్ని నోట పెట్టుకోవడానికి ఎక్కువ సిద్ధపడ్డారు. ఆవాలు, మినప్పప్పు, ఎండుమిరప, ఇంగువ, కరివేపాకు వేసిన మన పోపు అలాంటి తెలిసిన రుచే.

అయితే ఏ కూరకైనా పోపు పెడితే తెలుగు వంట అయిపోతుందనుకుంటే పొరపాటు. పద్ధతి అన్నప్పుడు నేను అంటున్నది కూరగాయ స్వభావం చూసే చూపు. నీరెంత, పులుపెంత, చేదెంత, జిగురెంత, తీపెంత అని చూసి, దాన్ని పప్పులో వెయ్యాలో వేపుడుకి కొయ్యాలో తేల్చే నేర్పు. చాలామంది ఆకారం చూసి మోసపోతారు. జుకినీ కీరదోసలా కనిపిస్తుంది కాబట్టి పచ్చిది తరిగి పెరుగులో వేస్తారు, చప్పగా ఉందని మానేస్తారు. దాని స్వభావం బీరకాయది. ఒంటినిండా నీరు, లేత తొక్క, తొందరగా మెత్తబడే గుణం. నీళ్ళు పొయ్యకుండా మూతపెట్టి మగ్గించి శనగపప్పుతో కూర చేస్తే, తొక్కను నువ్వులతో వేయించి రోట్లో నూరితే, బీరపొట్టు పచ్చడి తెలిసిన నాలుకకు అది కొత్తగా ఉండదు. ఆస్పరాగస్‌ను చూసి చిక్కుడు అనుకుని ఉడికించేవాళ్ళు దాన్ని పాడుచేస్తారు. మూకుడు బాగా కాగనిచ్చి నాలుగైదు నిమిషాల్లో దించి, కందిపప్పూ ధనియాలూ ఎండుమిరపా వేయించి కొట్టిన కూరపొడి చల్లితే చాలు.

పులుపు దగ్గర మన వంటకున్నంత నేర్పు తక్కువ వంటలకు ఉంటుంది, అందుకే ఈ దేశపు పుల్లటి పంటలు మన చేతిలో ఎక్కువ రాణిస్తాయి. రూబార్బ్‌ను అమెరికన్లు పంచదార గుమ్మరించి పైలో పెట్టుకుంటారు. 1947లో న్యూయార్క్ రాష్ట్రం బఫలోలో కస్టమ్స్ న్యాయస్థానం, తీపి వంటల్లోనే వాడతారు కాబట్టి అది పండు కిందికే వస్తుందని తీర్పు కూడా చెప్పింది. కానీ పుల్లగా, పీచుగా, నిమిషాల్లో కరిగిపోయే ఆ కాడ పప్పులో పడితే గోంగూరకూ మామిడికాయకూ మధ్య ఎక్కడో నిలిచే రుచి వస్తుంది. ఇక్కడే పద్ధతి తెలియాలి. పులుపు తగిలితే కందిపప్పు గింజ మెత్తబడదు. చింతపండు పప్పు ఉడికాకే పిండే అలవాటు అందుకే వచ్చింది. రూబార్బ్ కూడా వేరే గిన్నెలో మగ్గించి, ఉడికిన పప్పులో కలిపి, మెంతులూ వెల్లుల్లీ పోపు పెట్టాలి. ఆకులు విషం, కాడలే తినాలి, ఈ ఒక్క జాగ్రత్తకు మినహాయింపు లేదు. క్రాన్‌బెర్రీ కథ ఇంకా బాగుంటుంది. ఈ ఖండంలోనే పుట్టిన పండు, మూలవాసులు ఎప్పటి నుంచో తిన్నది. మసాచుసెట్స్ కేప్ కాడ్‌లో 1816లో హెన్రీ హాల్ సాగు మొదలుపెట్టాడని చెబుతారు. ఇప్పుడు దేశం పంటలో సగానికి పైగా విస్కాన్సిన్‌ది. సెప్టెంబరు నుంచి నవంబరు దాకా తాజాగా దొరుకుతుంది, థాంక్స్‌గివింగ్ నాటికి ప్రతి కొట్లోనూ సంచులు సంచులుగా ఉంటుంది. నిమ్మకాయంత పులుపు, కొంచెం వగరు, చిక్కబడే గుణం, తీపి బహు తక్కువ. పులిహోరకు చింతపండు గుజ్జు చేసే పనంతా ఇది చేస్తుంది. సగానికి కోసి ఆవపిండి, కారం, ఉప్పు, నూనె పట్టిస్తే నాలుగు రోజుల్లో ఊరుతుంది. తొక్క మైనం పూసినట్టుంటుంది కాబట్టి కొయ్యకపోతే ఉప్పు లోపలికి పోదు. ఈ రెండు వంటలూ ఇప్పటికే చాలా తెలుగు ఇళ్ళలోకి వచ్చాయి, ఎవరూ ప్రచారం చెయ్యకుండానే. మెక్సికన్ దుకాణాల టొమటియో కూడా ఈ వరసలోదే. పొరలు ఒలిచి, జిడ్డు కడిగి, పల్లీలతో పచ్చడి చేస్తే పచ్చి టమాటా పచ్చడి అభిమానులు కాదనరు.

క్యాబేజీ కుటుంబం సంగతి విడిగా చెప్పాలి, ఎందుకంటే చలికాలంలో ఈ దేశం పెట్టే కూరల్లో సగం ఆ ఇంటివే. క్యాబేజీ, కాలీఫ్లవర్, బ్రోకలీ, కేల్, కొలార్డ్, బ్రస్సెల్స్ స్ప్రౌట్స్, కోల్‌రాబీ, ఇవన్నీ ఒకే జాతి మొక్క, మనిషి వేర్వేరు భాగాలు పెంచుకుంటూ పోయిన రూపాలు. ఆవ మొక్క వీటికి దగ్గర చుట్టం. వీటి ఘాటుకీ చేదుకీ ఆవాల ఘాటుకీ కారణం ఒకే తరగతి గంధకపు పదార్థాలు. ఎక్కువసేపు ఉడికిస్తే ఆ గంధకమే కంపు కొడుతుంది, అమెరికన్ పిల్లలు బ్రస్సెల్స్ స్ప్రౌట్స్‌ను తరతరాలుగా అసహ్యించుకున్నది అందుకే. 1990లలో డచ్ శాస్త్రవేత్త హాన్స్ వాన్ డోర్న్ ఆ చేదుకు కారణమైన పదార్థాలేవో తేల్చాడు, ఆ తర్వాత చేదు తగ్గిన రకాలు బజారుకొచ్చాయి. అంటే పాతికేళ్ళ కింద ఒకసారి తిని వద్దనుకున్నవాళ్ళు తిన్నది ఇప్పటి కూర కాదు. సగానికి కోసి కోసిన వైపు మూకుడుకి ఆనించి ఎర్రగా వేయిస్తే తీపి తేలుతుంది. ఆఖర్న నూరిన ఆవముద్దా పచ్చిమిరపా కలిపి ఆవపెట్టిన కూరగా దించితే, చుట్టాలిద్దరూ కలిసినట్టు రుచి కుదురుతుంది. పనసపొట్టు కూరకు ఆవ పెట్టే గోదావరి ఇళ్ళకు ఈ కిటుకు ఎవరూ నేర్పక్కర్లేదు. కోల్‌రాబీని మన దగ్గర నూల్‌కోల్ పేరుతో కొందరు ఎరుగుదురు, ఘాటు తగ్గిన ముల్లంగి అనుకుని సాంబారులో వెయ్యవచ్చు, ఆకులు పప్పులోకి వస్తాయి. కేల్ మొండి ఆకు. పాలకూరలా వండితే నమలడమే సరిపోతుంది. సన్నగా తరిగి, కొబ్బరీ పెసరపప్పూ వేసి నిదానంగా మగ్గనివ్వాలి. మంచు పడ్డాక కోసిన ఆకు తియ్యగా ఉంటుంది, చలికి మొక్క తనలో చక్కెర పెంచుకుంటుంది కాబట్టి. ఏ నెలలో కొంటున్నామన్నది రుచిలో తేడా తెస్తుందనడానికి ఇంతకన్నా నిదర్శనం అక్కర్లేదు.

జిగురు కూరలకు బెండకాయ నేర్పిన పాఠం చాలు: తడి తగలనివ్వకుండా కోసి, పెద్ద మంట మీద వేయించి, పులుపు తగిలించడం. టెక్సాస్, అరిజోనా, కాలిఫోర్నియాల్లో నొపాలెస్ అని అమ్మే నాగజెముడు మట్టలు దీనికి సరిగ్గా లొంగుతాయి. మన ఊళ్ళలో కంచెలకు పెరిగే నాగజెముడు కూడా ఆ కుటుంబమే, అమెరికా నుంచి వచ్చిందే, మనం తినే అలవాటు చేసుకోలేదు. దీనికి పూర్తిగా ఎదురైనవి ఇక్కడి కలుపు మొక్కలు. మనం ఇష్టంగా తినే గంగవాయిలి కూర అమెరికా పెరళ్ళలో, నడకదారుల పగుళ్ళలో తనంతట తాను మొలుస్తుంది. ఇళ్ళవాళ్ళు మందు కొట్టి చంపుతారు. ఫార్మర్స్ మార్కెట్లో పర్స్‌లేన్ అనో వెర్దొలాగాస్ అనో దాన్నే కట్ట కట్టి అమ్ముతారు. తోటకూరకు దగ్గరి జాతులు ఇక్కడి పత్తి, సోయా రైతులను ఏడిపిస్తున్న కలుపు. పొలం గట్టున, మందు కొట్టే పచ్చిక బయళ్ళలో దొరికినవి తెచ్చుకోకూడదు. తుంచితే పాలు కారే మొక్క గంగవాయిలి కాదు, దానికి దూరంగా ఉండాలి. నమ్మకమైన చోట కొనడమో విత్తనం తెచ్చి వేసుకోవడమో మంచిది.

కుదరనివి కూడా చెప్పకపోతే ఇది వాదన అనిపించుకోదు. పార్స్‌నిప్ తీపీ వాసనా వేపుడులో ఎబ్బెట్టుగా ఉంటాయి, బెల్లం పులుసులోనో దప్పళంలోనో తప్ప ఒదగవు. సెలరీ వేరు వాసన ఇంగువను మింగేస్తుంది. ఆర్టిచోక్ రేకులు ఒలిచి తినే కూర, అన్నంలో కలపడానికి రాదు. అది ఇటాలియన్ పద్ధతిలో తినడమే దానికి గౌరవం. సన్‌చోక్ దుంప ఈ ఖండపు సొంత పంట, రుచి బాగానే ఉంటుంది, కానీ అందులోని ఇనులిన్ చాలామంది కడుపుల్లో వాయువు చేస్తుంది, ఎంత ఇంగువ వేసినా ఆగదు. ఫిడిల్‌హెడ్ అనే ఫెర్న్ చిగుళ్ళను సరిగా ఉడికించకుండా తిని న్యూయార్క్‌లోనూ పశ్చిమ కెనడాలోనూ 1994లో జనం జబ్బుపడ్డారు. పావుగంట నీళ్ళలో మరిగించి ఆ నీళ్ళు పారబోశాకే పోపులోకి రావాలి. ఒక వంటకు అన్నీ లొంగనక్కర్లేదు.

ఇక అభ్యంతరాలు. మొదటిది బలమైనది: ఇండియన్ స్టోర్‌లో అన్నీ దొరుకుతుంటే ఈ తంటాలెందుకు? ఫ్రోజెన్ గోరుచిక్కుడును నేను తక్కువ చెయ్యను. కోసిన వెంటనే గడ్డకట్టించిన కూర, వారం రోజులు లారీలో వాడిన కూరకన్నా తరచు మేలే. కానీ తాజా దొండ, బీర, కాకర చాలావరకు మెక్సికో, హోండురస్, డొమినికన్ రిపబ్లిక్‌ల నుంచి వస్తాయి. వచ్చేటప్పటికి కొన్ని ముదురుతాయి, కొన్ని వాడతాయి, ధర మాత్రం తాజాదే. సరఫరా నియమాల మీద కూడా ఆధారపడాలి. ఇండియా మామిడిపండ్లను అమెరికా మళ్ళీ రానిచ్చింది 2007లో, అదీ రేడియేషన్ శుద్ధి షరతుతో. పోపుకి ప్రాణమైన కరివేపాకు నిమ్మ జాతుల కుటుంబానికి చెందింది. 2005లో ఫ్లోరిడాలో నారింజ తోటలను ఎండబెట్టే తెగులు బయటపడ్డాక, ఆ తెగులు మోసే పురుగు కరివేపాకు మీద కూడా బతుకుతుంది కాబట్టి తెగులు ప్రాంతాల నుంచి మొక్కను తరలించడం మీద ఆంక్షలు వచ్చాయి. ఇంత దూరపు తీగ మీద వేలాడే రోజువారీ వంట కంటే, ఆ ఊరి రైతు ఆ వారం కోసిన కూర మీద నిలబడ్డ వంట గట్టిది. 1994లో 1,755 ఉన్న ఫార్మర్స్ మార్కెట్లు 2014కి 8,268 అయ్యాయి, కాబట్టి ఆ రైతు అందుబాటులో లేడనడానికీ లేదు. ఫార్మర్స్ మార్కెట్లో ధరలెక్కువ అనే మాట ఆర్గానిక్ టమాటా విషయంలో నిజం, సీజను నడిమధ్య జుకినీ, గుమ్మడి, కొలార్డ్ విషయంలో కాదు. పంట ముంచెత్తే వారాల్లో అవి దొండకాయ కన్నా చవక. సూపర్ మార్కెట్టే సీజనుని చెరిపేసింది. 1991లో ఆండియన్ దేశాలకు సుంకాలు తగ్గించాక పెరూ ఆస్పరాగస్ ఏడాదంతా రావడం మొదలైంది, ఇక్కడి సాగు కుంచించుకుపోయింది. జనవరిలో కొన్న పెరూ కట్టా, మేలో కొన్న మిషిగన్ కట్టా పక్కపక్కన వండి తిన్నవాళ్ళకు సీజను అన్న మాట వివరించక్కర్లేదు.

రెండో అభ్యంతరం ఆచారానిది. తద్దినం వంటలో క్యాబేజీ, క్యారెట్టు లాంటి ఇంగ్లీషు కూరగాయలు వాడని ఇళ్ళు చాలా ఉన్నాయి, వాళ్ళు కోల్‌రాబీ ఎలా వాడతారు? వాడనక్కర్లేదు. ఆ నియమం ఆ రోజుది, అది అలాగే ఉండాలి. అరటికాయా చామదుంపా లాటినో దుకాణాల్లో దొరుకుతాయి కూడా. వసంతంలో అడవుల్లో దొరికే ర్యాంప్స్ ఉల్లి, వెల్లుల్లి జాతివి కాబట్టి కార్తిక మాసంలో ఉల్లి మానేవాళ్ళకు అవీ పనికిరావు. కానీ ఏడాదిలో కొద్ది రోజుల నియమాన్ని మిగతా రోజులన్నిటికీ సాగదీసి, కొత్తదాన్ని ఆచారం పేరుతో తోసెయ్యడం ఆచారానికి చేసే మేలు కాదు. ఇంకొకరు అనవచ్చు, తెలుగువాళ్ళలో శాకాహారులే తక్కువ కదా అని. నిజమే. 2014 ప్రభుత్వ సర్వేలో తెలంగాణలో 98 శాతం పైన, ఆంధ్రలోనూ దాదాపు అంతే మాంసాహారులు. అయినా ఆ ఇళ్ళలో కూడా వారంలో ఎక్కువ పూటలు కంచంలో ఉండేది పప్పూ కూరా పచ్చడే. శాకాహార వంట శాకాహారుల సొత్తుగా ఎప్పుడూ లేదు.

మూడోది పిల్లలు తినరన్న ఫిర్యాదు. పిల్లలు దొండకాయా తినరు. మనస్తత్వ పరిశోధకురాలు లియాన్ బర్చ్ 1980ల నుంచి చేసిన పరిశోధనల్లో తేలింది, చిన్నపిల్లలు కొత్త రుచిని ఇష్టపడటానికి ఎనిమిది నుంచి పదిహేను సార్లు దాన్ని చవి చూడవలసి ఉంటుందని. చాలా ఇళ్ళలో మూడోసారికే పెద్దవాళ్ళు విసిగి మానేస్తారు. ఇక్కడ పుట్టిన పిల్లలకు ఒక అనుకూలం కూడా ఉంది. బ్రోకలీ, బటర్‌నట్ స్క్వాష్ వాళ్ళ బడి క్యాంటీన్లో, స్నేహితుల ఇళ్ళలో చూసిన కూరలు. అవి ఇంట్లో కూరపొడితో కనబడితే అమ్మమ్మ వంటకూ తమ ఊరికీ మధ్య వాళ్ళకు ఎడం తగ్గుతుంది. పిల్లలకు ‘మన వంట’ అంటే ఎక్కడో పండి పెట్టెల్లో దిగేదని అర్థమవడం నాకు బాధగా ఉంటుంది.

ఆరోగ్యం పేరుతో రెండు వైపుల నుంచీ మాటలు వినిపిస్తాయి. శాన్‌ఫ్రాన్సిస్కో బే ఏరియా, షికాగోల్లో దక్షిణాసియావాళ్ళ గుండె ఆరోగ్యం మీద 2010లో మొదలైన ‘మసాలా’ అధ్యయనంలో మొదట చేరింది 906 మంది. మధుమేహం వీళ్ళలో ఎక్కువగా కనిపించింది. వేపుళ్ళూ మిఠాయిలూ వెన్నతీయని పాలూ ఎక్కువగా ఉన్న తిండి తీరుకంటే పండ్లూ కూరగాయలూ గింజలూ పప్పులూ ఎక్కువున్న తిండి తీరు మేలని అది సూచించింది. మాంసం మానేయడం ఒక్కటే రక్ష కాదు, కంచంలో కూర వాటా పెరగాలి. ఇన్ని రకాలుంటే పెంచడం తేలిక. అటువైపు జాగ్రత్త కూడా ఉంది. రూబార్బ్, పాలకూర, చార్డ్, బీట్ ఆకుల్లో ఆక్జలేట్లు ఎక్కువ, కిడ్నీ రాళ్ళున్నవాళ్ళు మితంగా తినాలి, పెరుగుతో తింటే కొంత మేలు. రక్తం పలచబరిచే వార్ఫరిన్ వేసుకునే పెద్దవాళ్ళు కేల్, కొలార్డ్ ఒక్కసారిగా పెంచకుండా డాక్టరునడగాలి. ఇక పదేళ్ళుగా ‘కొత్త శాకాహారం’ అని అమెరికా పత్రికలు సంబరపడ్డది ఇంపాసిబుల్, బియాండ్ లాంటి మాంసం పోలికల ముద్దల గురించి. బర్గర్ మానలేనివాళ్ళకు అవి పనికొస్తాయేమో. ముద్దపప్పూ పెసరట్టూ తెలిసిన ఇంటికి అవి తీర్చే లోటేమీ లేదు.

ఇక ఈ కొత్త కూరలు ఇళ్ళలోకి ఎలా వెళ్తాయన్నది మిగిలింది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో మాంసం కొరత ఉన్నప్పుడు, మానవశాస్త్రజ్ఞురాలు మార్గరెట్ మీడ్ కార్యదర్శిగా పనిచేసిన ఆహారపు అలవాట్ల కమిటీ తరఫున మనస్తత్వవేత్త కర్ట్ లెవిన్ ఒక పరీక్ష చేశాడు. అలవాటు లేని మాంసపు భాగాలు వండమని ఉపన్యాసం విన్న గృహిణుల్లో 3 శాతమే తర్వాత వండారు. కలిసి కూర్చుని ఎలా వండాలో మాట్లాడుకుని నిర్ణయించుకున్నవాళ్ళలో 32 శాతం వండారు. తెలుగువాళ్ళకు అలా కూర్చునే చోట్లకు కొదవ లేదు. 1977 నుంచి తానా ఉంది, ఆ తర్వాత ఆటా, ఊరూరా సంఘాలూ గుడి వంటశాలలూ ఉన్నాయి. ఆ భోజనాల్లో ఏ రాష్ట్రంలోనైనా ఏ నెలలోనైనా ఒకే జాబితా కనిపిస్తుంది: గుత్తివంకాయ, బెండకాయ వేపుడు, సాంబారు, పనీరు. వేలమందికి వండే కేటరర్ ప్రయోగాలు చెయ్యలేడన్నది నిజమే, కానీ గుమ్మడి పులుసు స్థానంలో బటర్‌నట్ పులుసు ప్రయోగమే కాదు, బీరకాయ పచ్చడి చోట జుకినీ పచ్చడీ కాదు. విజిటర్ వీసా మీద మే నెలలో వచ్చి అక్టోబరులో వెళ్ళే అమ్మానాన్నలు సరిగ్గా ఇక్కడి పంట కాలమంతా ఉంటారు. తెలియని కాయను చేత్తో నొక్కి, గోటితో గిచ్చి, ముక్క నోట్లో వేసుకుని ఇది పులుసుకా వేపుడుకా అని చెప్పగలిగినవాళ్ళు వాళ్ళే. ఫార్మర్స్ మార్కెట్‌కు వాళ్ళను వెంట తీసుకెళ్ళి, వాళ్ళు చెప్పే కొలతా వరసా ఎవరైనా ఒకరు తెలుగులో రాసి, సంఘం పత్రికలో నెలకో కూరగాయగా అచ్చు వెయ్యాలి: ఏప్రిల్‌లో రూబార్బ్, మేలో ఆస్పరాగస్, జూలైలో జుకినీ, అక్టోబరులో కోల్‌రాబీ, నవంబరులో క్రాన్‌బెర్రీ.